ప్రాస్పెక్టస్‌లో అబద్ధం రాస్తే మామూలు షేర్‌హోల్డర్ క్రిమినల్ కేసు వేయగలడా?

అందరికీ నమస్కారం. లాయర్లు, కంపెనీ సెక్రటరీలు ఎవరైనా ఉంటే కాస్త దారి చూపండి.

నాన్నగారు రిటైర్మెంట్ డబ్బులోంచి 1,20,000 పెట్టి ఒక చిన్న కంపెనీ ఎస్ఎంఈ ఐపీఓలో (చిన్న, మధ్యతరహా కంపెనీలు తొలిసారి జనానికి షేర్లు అమ్మడం) షేర్లు తీసుకున్నారు. (నేను వద్దన్నాను, అది వేరే కథ.) చేతిలో పెద్ద ఆర్డర్ ఉందని ప్రాస్పెక్టస్‌లో (షేర్లు అమ్మేముందు కంపెనీ వివరాలన్నీ చెప్పే పత్రం) గొప్పగా రాశారు. తీరా వార్షిక నివేదిక తిరగేస్తే, ఆ ఆర్డర్ ఐపీఓకి రెండు నెలల ముందే రద్దయిందట!

2013 కంపెనీల చట్టం తెచ్చుకుని చదివాను. తప్పుదోవ పట్టించే ప్రాస్పెక్టస్‌కి అనుమతి ఇచ్చినవాళ్లకి 34వ సెక్షన్ కింద 447లోని మోసం శిక్ష పడుతుందని ఉంది, పదేళ్ల దాకా జైలు. ఆ మాట నిజమేనని నమ్మడానికి సహేతుకమైన కారణం ఉందని నిరూపించుకుంటే మాత్రం బయటపడతారు. రద్దు ఉత్తరం అప్పటికే చేతికొచ్చి ఉంటే ఆ వాదన నిలుస్తుందా?

అసలు చిక్కు ఇంకోటి. 439వ సెక్షన్ షేర్‌హోల్డర్ ఫిర్యాదు చేయొచ్చంటుంది. 212(6) చూస్తేనేమో 447 కేసుని ఎస్ఎఫ్ఐఓ (పెద్ద కార్పొరేట్ మోసాలను దర్యాప్తు చేసే కేంద్ర సంస్థ) డైరెక్టర్ గానీ, కేంద్రం అధికారమిచ్చిన అధికారి గానీ ఫిర్యాదు చేస్తేనే కోర్టు తీసుకుంటుందని ఉంది. మరి 34 కేసుకీ ఇదే అడ్డమా? షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ వాళ్ల ఆన్‌లైన్ ఫిర్యాదుల పోర్టల్ స్కోర్స్‌లో ఫిర్యాదు పెట్టి ఊరుకోవాలా, లేక 35వ సెక్షన్ కింద నష్టపరిహారం అడగడమే మేలా? నాన్నగారు ఇంకా షేర్లు అమ్మలేదు. అమ్మేస్తే హక్కు పోతుందా?