వృద్ధాశ్రమం ప్లాను తిప్పి పంపారు, పట్టాలో ఘరబారి (ఇళ్ల స్థలం) అని ఉన్నా

గంజాం కుర్రాడు:
పొద్దుట్నుంచీ ఇదే పని, బుర్ర వేడెక్కిపోయింది. మాది ఒడిశా. ట్రస్టు తరఫున 25 మంది పేద ముసలివాళ్లకి ఇల్లు కడదామని డెవలప్‌మెంట్ అథారిటీలో ప్లాను పెడితే "ఈ వాడకానికి అనుమతి లేదు" అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపారు. స్థలం 12 గుంటలు. పట్టా ట్రస్టు పేరు మీదే ఉంది, సాగుభూమి నుంచి ఇళ్ల స్థలంగా కన్వర్షన్ కూడా అయిపోయింది. ఇంకేం కావాలి వీళ్లకి? కట్టడానికి కేంద్రం గ్రాంటు అడగాలి, అదొకటి. తెలిసినవాళ్లు చెప్పండి.

ఆర్‌ఐ గారి పక్కిల్లు:
మాస్టర్ ప్లానులో మీ స్థలం జోను ఏది, నివాసమా, వ్యవసాయమా?

గంజాం కుర్రాడు:
జోనేంటండీ, కన్వర్షన్ అయిందన్నాను కదా. శారద (వరి పొలం) నుంచి ఘరబారి చేయించాం. భూలేఖ్ (భూమి రికార్డుల వెబ్‌సైటు)లో కూడా అలాగే చూపిస్తోంది.

నీలం గీత:
బాబూ, అవి రెండూ వేరు. మీరు చేయించుకున్నది ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ కింద కన్వర్షన్. తహసీల్దారు ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) చేత విచారణ చేయించి, ప్రీమియం కట్టించుకుని పట్టాలో కిస్సం, అంటే భూమి రకం, మారుస్తాడు. అక్కడితో ఆయన పని సరి. ప్లాను చూసేవాళ్లు 1982 నాటి డెవలప్‌మెంట్ అథారిటీల చట్టం కింద పనిచేస్తారు. వాళ్ల ముందుండేది ఏ స్థలం దేనికి వాడాలో చూపే మాస్టర్ ప్లాను మ్యాపు, మీ పట్టా కాదు. ఆ మ్యాపులో మీ ప్లాటు పచ్చరంగులో, అంటే వ్యవసాయ జోనులో, ఉంటే కిస్సం ఘరబారి అయినా ఇల్లు పడదు. ముందు వాళ్ల ఆఫీసులో మౌజా (రెవెన్యూ గ్రామం) పేరు, ఖాతా, ప్లాట్ నంబరు ఇచ్చి జోనింగ్ సర్టిఫికెట్ కోసం దరఖాస్తు పెట్టండి. అది చేతికొచ్చేదాకా డ్రాయింగులు మళ్లీ గీయించకండి, డబ్బు దండగ.

ఆర్‌ఐ గారి పక్కిల్లు:
అమ్మినవాళ్లు ఎస్సీ, ఎస్టీలా? అయితే వేరేవాళ్లకి అమ్మడానికి భూసంస్కరణల చట్టం సెక్షన్ 22 అనుమతి ఉందా? ఏ జిల్లా, గంజామా, గజపతా?

గంజాం కుర్రాడు:
గంజామే. అమ్మినవాళ్లు మా బంధువులే, ఆ గొడవ లేదు.

పెన్షనర్ మేష్టారు:
అసలు ప్రశ్న అందరూ వదిలేశారు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల చట్టం 19వ సెక్షన్ ప్రకారం జిల్లాకి కనీసం ఒక ఆశ్రమం, అందులో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకి చోటు ఉండాలి. అయితే అక్కడ "కట్టాలి" అని లేదు, "కట్టవచ్చు" అని ఉంది. ఆ ఒక్క మాట పట్టుకునే ప్రభుత్వాలు తప్పించుకుంటున్నాయి. ఇక గ్రాంటు సంగతి. కేంద్రం అటల్ వయో అభ్యుదయ్ యోజన కింద ఆశ్రమానికిచ్చేది నడపడానికి: తిండి, మందులు, సిబ్బంది జీతం, అద్దె. ఇటుకలకీ సిమెంటుకీ అందులో పైసా రాదు. ఎన్‌జీఓ దర్పణ్ (స్వచ్ఛంద సంస్థల ప్రభుత్వ పోర్టల్) నంబరు లేకపోతే దరఖాస్తు కూడా తీసుకోరు. కట్టుబడి ఖర్చుకి వేరే దారి చూసుకోండి.

నీలం గీత:
మేష్టారూ, గ్రాంటు తర్వాత. ముందు ప్లాను. కుర్రాడా, దరఖాస్తులో వాడకం కింద ఏం రాశారు? అపార్ట్‌మెంటు అనా?

గంజాం కుర్రాడు:
గ్రూప్ హౌసింగ్ అని డ్రాఫ్ట్స్‌మనే పెట్టాడు. గదులు 12, వంటిల్లు ఒకటే.

నీలం గీత:
అదీ ఒక కారణం అయ్యుంటుంది. గదికొక వంటిల్లు లేదు, భోజనం ఒకేచోట, చూసుకునేవాళ్లు ఉంటారు. అలాంటిదాన్ని జాతీయ భవన నియమావళి నివాసంగా లెక్కెయ్యదు. వృద్ధుల ఆశ్రమం సంస్థల గుంపులో, అంటే గ్రూప్ సి, సి-2లో పడుతుంది. ఫైర్ వాళ్ల లెక్కలు కూడా దాన్నిబట్టే మారతాయి, మంచం దిగలేనివాళ్లని బయటికి తేవాలి కదా. జోను నివాసం అయితే ఆ జోనులో సంస్థలకి నేరుగా అనుమతి ఉందో, ప్రత్యేక పరిశీలనకి వెళ్లాలో జోనింగ్ నిబంధనల పట్టికలో చూడండి. జోను వ్యవసాయం అయితే మాత్రం కష్టం. మాస్టర్ ప్లానులో మార్పు అంటే నోటీసు, అభ్యంతరాలు, పైన ప్రభుత్వం ఆమోదం.

ర్యాంపు రాజు:
ర్యాంపు ఎంత పెట్టారు? అందరూ 1:8 గీసేసి ఊరుకుంటారు, తర్వాత చక్రాల కుర్చీ ఎక్కదు. 1:12 ఉండాలి. ప్లింతు, అంటే నేల మీంచి అరుగు ఎత్తు, 600 మి.మీ. అయితే ర్యాంపు 7.2 మీటర్లు, వెడల్పు 1.2కి తగ్గకూడదు, రెండు వైపులా పట్టుకునే కడ్డీ. తలుపు 900 మి.మీ. మరుగుదొడ్లో కుర్చీ తిరగడానికి 1500 చుట్టుకొలత.

నీలం గీత:
చుట్టుకొలత కాదు రాజుగారూ, వ్యాసం.

ర్యాంపు రాజు:
అదే లెండి.

పాతపట్నం పంతులు:
12 గుంటలంటే 1,452 గజాలు. అందులో సెట్‌బ్యాకులు (చుట్టూ వదలాల్సిన ఖాళీ) వదిలితే ఏం మిగులుతుంది?

నీలం గీత:
అది తెలంగాణ లెక్క, ఎకరానికి 40 గుంటలు. ఇక్కడ ఎకరానికి 25. డిసిమిల్ అంటే ఎకరంలో నూరో వంతు. గుంటకి 4 డిసిమిళ్లు, 12 గుంటలంటే 48 డిసిమిళ్లు, 2,323 గజాలు.

పాతపట్నం పంతులు:
మా వైపు అంతా సెంట్లలోనే చెప్తాం. గుంట అనేసరికి ఎవరికి తోచింది వాళ్లు అనుకుంటారు.

నీలం గీత:
సెంటూ డిసిమిలూ ఒకటే, 48 సెంట్లు అనుకోండి. దరఖాస్తులో గుంటలు వద్దు, పట్టాలో ఉన్నట్టు ఎకరం-డిసిమిళ్లలోనే రాయండి. కుర్రాడా, ఇంకోటి. దారి మౌజా మ్యాపులో ఉందా? జనం నడిచి నడిచి పడిన బాట పక్కవాళ్ల ప్లాటు మీదుగా పోతుంటే అది రోడ్డు కిందకి రాదు. దాని వెడల్పు తేలితేనే ఎన్ని అంతస్తులో తేలుతుంది.

గంజాం కుర్రాడు:
సరే అండీ, సోమవారం జోనింగ్ సర్టిఫికెట్‌కి పెడతా. గ్రాంటు కట్టడానికి రాదంటే కమిటీలో చెప్పాలి. థాంక్స్.

ఆర్‌ఐ గారి పక్కిల్లు:
దారి వెడల్పు చెప్పనేలేదు.