పెన్సిల్ చిత్తులో కూర్పును మెచ్చుకోవచ్చా? కాన్‌స్టబుల్ స్కెచ్ పుస్తకంపై చర్చ

చర్చ ప్రారంభించిన సభ్యుడు:
ఇంగ్లండ్‌కు చెందిన ప్రకృతిదృశ్యాల చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ 1814లో వాడిన స్కెచ్ పుస్తకం లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఆ ఏడాది సెప్టెంబరు 7న, ఇంగ్లండ్‌లోని ఫ్లాట్‌ఫర్డ్ దగ్గర పడవ కడుతున్న చోటును ఆయన అందులో పెన్సిల్‌తో గీశారు. ఆ పుటలోని కూర్పు (దృశ్యంలో దేన్ని ఎక్కడ, ఎలా అమర్చారన్నది) అద్భుతమని చాలామంది రాస్తున్నారు. నాకు అభ్యంతరం ఉంది. అది 1815లో రాయల్ అకాడెమీలో ప్రదర్శించిన తైలవర్ణ చిత్రానికి చిత్తుప్రతి మాత్రమే. తైలవర్ణ చిత్రం గొప్పదని ముందే తెలుసు కాబట్టి చిత్తులోనూ గొప్పతనం కనిపిస్తోంది. చిత్రకారుడు తన గుర్తుకోసం గీసుకున్నదాన్ని పూర్తయిన రచనతో సమానంగా తూచడం సబబు కాదు.

మొదటి సమాధానం:
ముందే తెలిసిన కీర్తి మన చూపును మారుస్తుందన్న మీ మాటను కాదనలేను. కానీ ఈ పుట విషయంలో మాత్రం మీతో ఏకీభవించలేను. ఆ తైలవర్ణ చిత్రమంతా ఆరుబయటే పూర్తయిందని కాన్‌స్టబుల్ జీవితచరిత్ర రాసిన లెస్లీ చెప్పారు. అలాంటప్పుడు ఎక్కడ నిలబడి చూడాలి, కుడి ఎడమల ఎంత వదిలేయాలి, పడవను చట్రంలో ఏ వాలుగా నిలపాలి అన్న కష్టమైన నిర్ణయాలు రంగు తాకకముందే, అరచేతిలో పట్టే ఈ కాగితంపై జరిగిపోయాయి. కూర్పు అంటే ఈ నిర్ణయాలే కదా!

గీతను దగ్గరగా చూడండి. పెన్సిల్‌కు రంగు లేదు; వేలి ఒత్తిడి, గీతల దగ్గరితనం, వదిలేసిన తెల్లకాగితం, ఇవే దాని సాధనాలు. పడవ అంచు ఏటవాలుగా సాగి మన చూపును వెనకనున్న చెట్ల దాకా తీసుకెళ్తుంది. అక్కడ ఆకులను ఒక్కొక్కటిగా గీయకుండా, పక్కపక్కనే వాల్చిన పొట్టి గీతల గుంపులతో ఆకుల బరువును తెచ్చారు. ఏమీ గీయకుండా విడిచిన చోటు ఆకాశపు వెలుగైంది. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ విడిచిన చోటే.

చర్చ ప్రారంభించిన సభ్యుడు:
అయితే అదే కాలపు జర్మన్ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రెడ్రిష్ సంగతేమిటి? ఆయన ఓక్ చెట్లను ఒంటరిగా గీసుకుని, తర్వాత స్టూడియోలో వాటిని తన చిత్రాల్లోకి తెచ్చుకునేవారు. ఆ కాగితాల్లో కూర్పు ఎక్కడుంది?

మొదటి సమాధానం రాసిన సభ్యుడు:
చాలా కాగితాల్లో లేదనే నేనూ అంటాను. ఆ సన్నని, పదునైన గీతలో ఉన్నది పరిశీలన: కొమ్మ ఎక్కడ వంగింది, ఎక్కడ విరిగింది, బెరడు ఎక్కడ చీలింది అన్నదే. కూర్పు తర్వాత కాన్వాస్‌పై కుదిరింది. అందుకే కాన్‌స్టబుల్, ఫ్రెడ్రిష్‌లు గీసిన ఆ రొమాంటిక్ యుగపు పెన్సిల్ చిత్రాలన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. ఒకచోట గీతను మాత్రమే మెచ్చుకోవాలి, మరోచోట గీతతోపాటు కూర్పునూ మెచ్చుకోవాలి. ఏ కాగితం ఏ కోవదో ఆ కాగితాన్ని చూసే తేల్చాలి. చిత్తు అన్న పేరు ఆ పని చేయలేదు.

మీకొక విన్నపం. తైలవర్ణ చిత్రాన్ని పక్కన పెట్టి, ఫ్లాట్‌ఫర్డ్ పుట నకలును తలకిందులు చేసి చూడండి. పడవ పడవలా కనిపించదు. ఒక వాలు, కొన్ని ముదురు ముద్దలు, కొంత తెలుపు మిగులుతాయి. అప్పుడు కూడా వాటి మధ్య తూకం కుదరలేదని మీకనిపిస్తే, ఏ మూల తేలిపోయిందో ఇక్కడే రాయండి.