థర్బర్ బొమ్మలు రచయితగా అతని పేరు మీదే చెల్లాయా?

చిత్రలేఖ:
అమెరికన్ హాస్య రచయిత జేమ్స్ థర్బర్ (1894–1961) కథలు గొప్పవి, అందులో పేచీ లేదు. నా అభ్యంతరం బొమ్మల గురించి. బాపు గారి గీత చూసి పెరిగినవాళ్లం మనం. ఆ కళ్లతో చూస్తే థర్బర్ గీసిన మనుషులకు ఎముకలే ఉండవు. ‘న్యూయార్కర్’ అనే అమెరికా వారపత్రికలో పనిచేసే రచయిత కాకపోతే ఈ బొమ్మలను ఎవరైనా అచ్చు వేసేవారా?

కథాభిమాని:
చిత్రలేఖ గారూ, జరిగింది దానికి పూర్తిగా విరుద్ధం. మొదట కాదన్నది ఆ పత్రికే. థర్బర్ గీసి పడేసిన సీల్ (మీసాలుండే సముద్ర జంతువు) బొమ్మను అతని సహోద్యోగి ఇ.బి. వైట్ ఇంకుతో దిద్ది పంపిస్తే, సీల్ మీసాలు ఎలా ఉంటాయో పక్కన గీసి చూపించి మరీ తిప్పి పంపారు. థర్బర్ సీల్ మీసాలు ఇలాగే ఉంటాయని రాసి వైట్ మళ్లీ పంపాడు. అయినా పని జరగలేదు. 1929లో ఇద్దరూ కలిసి రాసిన పుస్తకంలో ఆ బొమ్మలు అచ్చయి జనానికి నచ్చాకే సంపాదకుడు హెరాల్డ్ రాస్ దిగివచ్చాడు.

ఇక ఎముకలు లేకపోవడం గురించి. కత్తి పోటీలో ఒకడు ఎదుటివాడి తల ఎగరగొట్టే కార్టూన్ గుర్తుందా? ఆ ఊహ కార్ల్ రోజ్ అనే మరో చిత్రకారుడిది. అతను చక్కగా గీసేవాడు, అందుకే ఆ బొమ్మ చూడడానికి భయంకరంగా ఉంటుందని రాస్ థర్బర్‌కు అప్పగించాడు. థర్బర్ మనుషుల్లో నెత్తురు ఉండదు, తల తీసి మళ్లీ పెట్టవచ్చు అన్నది రాస్ వాదన. అక్కడ నేర్పు అడ్డమైంది, ఈ గీతే పని చేసింది. దీన్ని లోపం అనడానికి నాకు మనసొప్పదు.

పాత పుస్తకాలు:
సాహిత్య ప్రభావం అంటే మాత్రం నా ఓటు కథకే. 1939లో వచ్చిన వాల్టర్ మిట్టీ కథలో భార్యను ఊళ్లోకి కారులో తీసుకువెళుతున్న మనిషి మనసులో యుద్ధవీరుడు, శస్త్రవైద్యుడు అయిపోతాడు. ఆ పేరు ఇంగ్లీషు నిఘంటువుల్లోకి ఎక్కింది, రెండుసార్లు సినిమా అయింది. పైగా చిన్నప్పుడు బాణం తగిలి ఒక కన్ను పోయిన మనిషి, రెండో కన్ను కూడా మసకబారాక 1950ల మొదట్లో బొమ్మలు ఆపేశాడు. రచన మాత్రం చెప్పి రాయించుకుంటూ చివరిదాకా సాగించాడు.

కథాభిమాని:
ఆ మిట్టీ లాంటి మొగుడు థర్బర్ బొమ్మల్లో ముందే ఉన్నాడు కదండీ! 1932 నాటి కార్టూన్‌లో మంచం తలగడ వైపు పలక మీద సీల్ కూర్చుని ఉంటుంది, సీల్ అరిచిందన్న మొగుణ్ణి భార్య విసుక్కుంటుంది. నిజానికి థర్బర్ గీయబోయింది రాతి మీద సీల్‌ను. రాయి కుదరక మంచం పలకలా వచ్చింది, దాంతో కింద దంపతులను చేర్చాడు. చేయి తిరిగిన చిత్రకారుడైతే రాయినే సరిచేసేవాడు.

చిత్రలేఖ:
ఆ సీల్ బొమ్మను ఒప్పుకుంటాను, అది మహత్తరమైనదే. కానీ అన్ని బొమ్మల్లోనూ భార్య గయ్యాళి, మొగుడు అమాయకుడు. ఎముకలు లేని గీతలో ఆ ఒక్క విషయం మాత్రం ఎందుకంత గట్టిగా ఉంది? దీనికి జవాబు చెప్పండి.