గాలె కోటకు ఒక్క రోజు సరిపోతుందా?

ప్రశ్న (తార్నాక): చిన్ననాటి స్నేహితురాలితో కలిసి జనవరిలో కొలంబో వెళ్తున్నాను. మేమిద్దరం కలిసి గోల్కొండ ఎక్కని వేసవి సెలవులు లేవు కాబట్టి, సముద్రపు ఒడ్డున ఉన్న గాలె కోటను కూడా కలిసే చూడాలన్నది మా ఎన్నాళ్ల నాటి కోరిక. ఒక్క రోజు సరిపోతుందా? ఏవి వదులుకోకూడదు?

జవాబు (మలక్‌పేట): రాత్రికి అక్కడే ఉండండి. కొలంబో ఫోర్ట్ స్టేషన్ నుంచి వెళ్లే రైలు చాలా దూరం తీరాన్ని ఆనుకునే నడుస్తుంది. కుడివైపు కిటికీ పక్కన కూర్చోండి. పోర్చుగీసువారు 16వ శతాబ్దంలో మొదలుపెట్టిన ఈ కోటను, 1640లో వారి నుంచి గెలుచుకున్న డచ్చివారు రాతి గోడలతో, బురుజులతో పటిష్ఠం చేశారు. 1796లో అది బ్రిటిషువారి చేతికి వచ్చింది. గోల్కొండ బయటి ప్రాకారం లోపల బస్తీలున్నట్టే ఇక్కడా కుటుంబాలు నేటికీ కాపురముంటున్నాయి. 1755 నాటి డచ్చి చర్చిలో నేలపై పరచిన సమాధి రాళ్లను నెమ్మదిగా చూడండి. నేనూ నా మిత్రుడూ సాయంత్రం ప్రాకారం మీదుగా 1939 నాటి దీపస్తంభం దాకా నడిచి, పొద్దుగుంకేవరకూ మాటల్లేకుండా కూర్చున్నాం. మా స్నేహంలో అంతకన్నా మంచి సాయంత్రం నాకు గుర్తులేదు.

జవాబు (అమీర్‌పేట): 2004 సునామీలో కోట బయటి పట్టణం తీవ్రంగా దెబ్బతిన్నా, లోపలి ఇళ్లను చాలావరకు కాపాడినవి ఈ గోడలే. కొలంబో జాతీయ మ్యూజియంలో గాలెలో దొరికిన 1409 నాటి శిలాశాసనాన్ని కూడా చూడండి. చైనా నౌకాధిపతి ఝెంగ్ హె నెలకొల్పిన ఆ రాయిపై చైనీస్, తమిళం, పారశీకం మూడూ ఉన్నాయి. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర పారశీక అక్షరాలను చూసి పెరిగిన మనకు అది పరాయిదిగా అనిపించదు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. ముందు శాసనం చూసి, మరుసటి ఉదయం రైలెక్కుతాం. రాత్రి బస కోట లోపలే.