ఊపిరితిత్తి ఆపరేషనయ్యి రెండేళ్లు, ఇప్పుడు కీళ్లనొప్పులు: మళ్లీ స్కాన్ తీయించాలా?

నాగావళి_గట్టు: అమ్మకి ఊపిరితిత్తి క్యాన్సర్, విశాఖలో ఆపరేషన్ చేశారు. రెండేళ్లు బాగుంది. మూడు నెలలుగా మోకాళ్లు, చీలమండలు, మణికట్లు పీకేస్తున్నాయి. ఇక్కడి డాక్టరు వాతమని మాత్రలిచ్చాడు. వదిన స్కాన్ తీయించమంటోంది. ఏం చెయ్యమంటారు?

పలాస_జీడిపప్పు: 2006లో చికున్‌గున్యా వచ్చింది మొదలు మా ఊళ్లో సగం మందికి మోకాళ్లే. అందరికీ క్యాన్సరా?

ఉద్దానం_కుర్రోడు: నొప్పి మాత్రలు ఎడాపెడా మింగించకండి. కిడ్నీల బాధ చూస్తున్నవాళ్లం, చెబుతున్నాం.

బొబ్బిలి_కోటగుమ్మం: చికున్‌గున్యా వాళ్లకి ఊపిరితిత్తి కొయ్యలేదు గదండీ. మా నాన్నకీ ఇంతే, ఎనిమిది నెలలు కీళ్ల డాక్టర్ల చుట్టూ తిరిగాం. కాళ్లు మంచం మీంచి వేలాడేస్తే నొప్పి, దిండు మీద ఎత్తిపెడితే తగ్గేది. వేళ్ల చివర్లు ఉబ్బి గోళ్లు చిలకముక్కుల్లా వంగాయి. చివరికి బోన్ స్కాన్‌లో ముంగాలి ఎముక రెండంచుల వెంటా రైలుపట్టాల్లాగ గీతలు. క్యాన్సర్ ఎముకలోకి పాకడం కాదు, ఊపిరితిత్తిలో గడ్డ ఉంటే ఎముక పైపొర వాస్తుందన్నారు. గడ్డకి మందు పడ్డాకే నొప్పులు తగ్గాయి. అమ్మగారి చూపుడువేళ్ల గోళ్లు రెండూ ఎదురెదురుగా ఆనించి చూడండి. మామూలుగా అయితే మధ్యలో చిన్న సందు కనబడాలి.

పలాస_జీడిపప్పు: మీ నాన్నగారు చుట్ట తాగేవారా?

బొబ్బిలి_కోటగుమ్మం: తాగేవారు. అయితే ఏటి?

పలాస_జీడిపప్పు: అదీ సంగతి. నాగావళి గారూ, అమ్మగారిది అడ్డపొగా, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట తాగడం?

నాగావళి_గట్టు: అమ్మ చుట్ట ముట్టలేదు. గోళ్ల మధ్య సందు కనబడట్లేదు. మెట్టెలు సబ్బు రాసినా రావట్లేదు.

పలాస_జీడిపప్పు: తాగని మనిషికి ఊపిరితిత్తి క్యాన్సరేటండీ?

బొబ్బిలి_కోటగుమ్మం: తాగనివాళ్లకీ వస్తుంది. మీరింక ఆ చుట్ట వదలరా?

పలాస_జీడిపప్పు: మీలాంటివాళ్ల మాట వినే మా అమ్మ స్కాన్లకి అరెకరం జీడితోట అమ్మాను. ఏమీ లేదన్నారు. తోట ఎవరిస్తారు?

విజీనారం_పిల్ల: ఒకటి అడుగుతా. పాత ఆపరేషన్ సంగతి ఈ డాక్టరుకి చెప్పారా?

నాగావళి_గట్టు: లేదు.

బొబ్బిలి_కోటగుమ్మం: చెప్పలేదా!! మరి ఆయన వాతమనక ఏమంటాడు?

నాగావళి_గట్టు: అమ్మ పక్కనే ఉంది. క్యాన్సరని తనకి తెలీదు. నెమ్ము పట్టిన ముక్క తీశారని చెప్పాం.

పలాస_జీడిపప్పు: మంచి పని చేశారు. మా మావయ్యకి చెప్పేశారు, ఆ రోజు నుంచీ ముద్ద దిగలేదు.

బొబ్బిలి_కోటగుమ్మం: మేమూ దాచాం. ఆఖరి నెలలో నాన్నే కనిపెట్టారు. "ముందే చెప్పుంటే పంపకాలు నేనే చేసిపోదును గదరా" అన్నారు. ఇప్పుడు అన్నదమ్ములం కోర్టులో ఉన్నాం.

పలాస_జీడిపప్పు: అయితే మీది పొలం గొడవ.

బొబ్బిలి_కోటగుమ్మం: మీది తోట గొడవ కాదేటి?

నాగావళి_గట్టు: రేపు తెల్లారి బస్సుకి విశాఖ వెళ్తున్నాం. చెబుతానని వదిన వంటింట్లో అమ్మ పక్కన కూర్చుంది. నేను గుమ్మం బయటే ఉన్నాను.