‘ఎప్పుడు రావడం?’ అనే పలకరింపు గురించి

‘జాను’ సినిమా మీద నడుస్తున్న చర్చలో ఒకరు మంచి ప్రశ్న వేశారు. బడిలో ‘నువ్వు’ అనుకున్న అబ్బాయీ అమ్మాయీ ఏళ్ళ తర్వాత పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో ఎదురుపడితే ‘నువ్వు’ అనాలా, ‘మీరు’ అనాలా? ‘నువ్వు’లో ప్రేమ, ‘మీరు’లో దూరం ఉంటాయని చాలామంది తేల్చేశారు. నేను ఒప్పుకోను. గోదావరి డెల్టాలో అమ్మమ్మల తరం భర్తను ‘ఏవండీ’ అనే పిలిచింది, జీవితమంతా ‘మీరు’ అంటూనే మాట్లాడింది. పక్కింటివాళ్ళతో కూడా మనం ‘ఆయ్, అలాగేనండి’ అంటాం. ‘మీరు’ అన్నంత మాత్రాన ఎవరూ దూరమైపోరు. ఒకప్పుడు ‘వచ్చావా’ అన్న నోటితోనే ‘వచ్చారా’ అంటే మాత్రం గుచ్చుకుంటుంది.

తెలుగులో ఇంకో చిక్కుంది. ‘నువ్వు’, ‘మీరు’ రెండింటినీ మింగేసినా క్రియ ఊరుకోదు. వచ్చావా, వచ్చారా, ఏదో ఒకటి అనాల్సిందే. పక్కన ఆవిడ భర్త ఉంటే టెన్షన్ ఇంకా ఎక్కువ.

మన వైపు ఈ టెన్త్ బ్యాచ్ గెట్‌టుగెదర్లు చాలావరకు సంక్రాంతికే పెట్టుకుంటారు. హైదరాబాదు, బెంగళూరు వెళ్ళినవాళ్ళంతా ఊళ్ళకు చేరేది అప్పుడే కదా. అమలాపురంలోనో, పాలకొల్లులోనో అలాంటి చోట కాసేపు చెవి పెట్టి వింటే ఒక చక్కని సంగతి తెలుస్తుంది. ‘ఎప్పుడు రావడం?’ ‘ఇప్పుడు ఉండటం ఎక్కడ?’ ‘పిల్లలెంతమంది?’ ‘భోజనం అయిందా?’ ఒక్క మాటలోనూ నువ్వూ లేదు, మీరూ లేదు. ‘రావడం’ భావార్థక రూపం, అంటే పనికి పేరు మాత్రమే. దానికి లింగం, వచనం, పురుష ఏవీ లేవు. ‘భోజనం అయిందా’లో కర్త భోజనమే, మనిషి కాదు. ‘మీ ఇంట్లో అందరూ బాగున్నారా?’ అన్నదైతే మరీ తెలివైన మాట. ఆ ‘మీ’ ఆమెకు ఇచ్చిన గౌరవమా, ఇంటిల్లిపాదికీ చెందిన బహువచనమా అని ఎవరూ నిలదీయలేరు. దీన్ని తప్పించుకోవడం అనడానికి నాకు మనసొప్పదు. ఎదుటి మనిషి ఏ పిలుపు కోరుకుంటోందో తెలిసేదాకా ఆగడం ఇది. ఆమె ‘ఎలా ఉన్నావు?’ అన్న మరుక్షణం ఇతనికీ ‘నువ్వు’ వచ్చేస్తుంది.

ప్రథమ పురుషలోనూ, అంటే వేరే మనిషి గురించి మాట్లాడేటప్పుడూ, ఇదే ఇబ్బంది. ‘అది వచ్చిందా’ అంటే మోటు, ‘ఆవిడ వచ్చారా’ అంటే పరాయితనం. మధ్యలో ‘తను’ ఆదుకుంటుంది. ‘మన అమ్మాయిలు ఎంతమంది వస్తున్నారు?’ అని నలభై దాటినవాళ్ళు కూడా అడుగుతారు. అది నాకెంతో ఇష్టం.

ఇదే గోదావరి ఒడ్డున, రాజమహేంద్రవరంలో నన్నయ తీర్చిన శకుంతలకు ఈ చిక్కు లేదు. ఆ కావ్యభాషలో రాజునైనా ‘నీవు’ అనడమే. అందుకే ఆమె బలమంతా సంబోధనలో పెట్టింది. ‘నుతజలపూరితంబులగు నూతులు నూఱిటికంటె’ పద్యంలో, తనను ఎరగనన్న దుష్యంతుణ్ణి ‘సూనృతవ్రత’ అని పిలుస్తుంది. అబద్ధమాడుతున్నవాణ్ణి సత్యమే వ్రతంగా గలవాడా అని పిలిచాక ఇక వేరే నింద అక్కర్లేదు.

సినిమా పేరు సంగతీ చూడండి. సి. ప్రేమ్‌కుమార్ 2018లో తమిళంలో ‘96’ తీశారు. 2019లో కన్నడంలో అది ‘99’ అయింది. రెండూ బ్యాచ్ సంవత్సరాలే. 2020లో ఆయనే శర్వానంద్, సమంతలతో తెలుగులో తీసినప్పుడు అంకె పోయి ‘జాను’ వచ్చింది. (జానుతెనుగు, అంటే అచ్చమైన తేట తెలుగు, అందులోని ‘జాను’తో దీన్ని ముడిపెట్టిన మిత్రులకు: ఇది జానకికి ముద్దు పేరు, అంతే.) పిలుపునే కథకు పేరుగా పెట్టడం నాకు సరైన పనిగా తోస్తుంది. ఇలాంటి కథలు రాసేవాళ్ళు మొదటి కలయికలో ‘ఎప్పుడు రావడం?’ లాంటి మాటలు వాడుకోవాలని నా కోరిక. పేజీ డైలాగు చెప్పలేని బెరుకు ఆ రెండు మాటల్లో ఉంది.

రాజోలు, నరసాపురం, భీమవరం వైపు వాళ్ళు ఇలా నువ్వు-మీరు లేకుండా పలకరించే మాటలు ఇంకేమైనా విని ఉంటే, ఎవరు ఎవరితో అన్నారో కూడా చేర్చి ఇక్కడ రాయండి. ‘ఏ ఊరు వెళ్ళడం?’ నాకు తెలుసు. మిగిలినవి కావాలి.