గిఫ్ట్ డీడ్‌లో షరతు రాయలేదు, నోటిమాట సాక్ష్యం చాలుతుందా?

మల్కాజిగిరి వైపు వృద్ధుల కేసులు చూసే సోషల్ వర్కర్‌ని. 76 ఏళ్ల ఒకావిడ 2021లో ఇల్లు కొడుకు పేర గిఫ్ట్ డీడ్ చేశారు. ఇప్పుడు కొడుకు తిండి సరిగ్గా పెట్టడు, బీపీ మందులు కొనడు, ఫోన్ కూడా లాక్కున్నాడు.

వృద్ధుల హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ 14567 వాళ్లు వచ్చి మాట్లాడితే కొన్నాళ్లు బాగానే చూశాడు, మళ్లీ మామూలే. పోలీసు కౌన్సెలింగూ అంతే. వృద్ధుల పోషణ కేసులు వినే ఆర్డీఓ ట్రిబ్యునల్‌కి వెళ్తానని ఆవిడే అంటున్నారు. కన్నకొడుకు మీద ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో ఈ పనిలో ఉన్నవాళ్లకి తెలుసు.

చిక్కల్లా తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) సెక్షన్ 23తోనే. బాగోగులు చూడాలనే షరతు మీద ఇచ్చి ఉంటేనే డీడ్ రద్దు అడగొచ్చు. ఇందులో "ప్రేమాభిమానాలతో" అని తప్ప ఇంకేం లేదు, విడిగా ఒప్పందం కాగితమూ లేదు. చూసుకుంటానని కొడుకు అన్నప్పుడు కూతురు, పక్కింటివాళ్లు విన్నారు.

హైదరాబాద్, మేడ్చల్ ట్రిబ్యునళ్లలో ఇలాంటి కేసు నడిపినవాళ్లు చెప్పండి: షరతు రాయని డీడ్‌కి ఈ నోటిమాట సాక్ష్యం ఒప్పుకున్నారా?